ఎదురింటి బాల్కనీలో నక్షత్రం

ప్రశ్న: మాది గుంటూరు. నాకు నలభై ఎనిమిదేళ్ళు. ఒక ప్రైవేటు స్కూల్లో టీచరును. మూడు తరాలుగా లూథరన్ సంఘంలో ఉన్న కుటుంబం మాది. మా నాన్నగారు సత్తెనపల్లి వైపు ఒక ఊళ్ళో మిషన్ బడి పంతులుగా పనిచేశారు. మేముండేది ఊరి చివర పేటలో. డిసెంబరు వస్తే ఆయన వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితం అంటించి, లోపల దీపం పెట్టి, పొడవాటి గడకు నక్షత్రం కట్టేవారు. అది ఊరందరికీ కనిపించేది. అమ్మ చేసిన అరిసెలు మాత్రం ఊళ్ళోకి వెళ్ళేవి కావు. అరటిపళ్ళు, పంచదార పంపితే తీసుకునేవారు. వండినవి తీసుకునేవారు కాదు. అమ్మానాన్నలిద్దరూ ఇప్పుడు లేరు.

ఇప్పుడు అపార్ట్‌మెంటులో ఉంటున్నాం. నవంబరు ఆఖరు నుంచే సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. మా స్కూల్లో ఒకటి, మావారి ఆఫీసులో ఒకటి, అపార్ట్‌మెంటులో ఒకటి, పార్టీల వాళ్ళవి వేరే. ఇరవై ఐదో తేదీ వచ్చేసరికి కేకు చూస్తేనే విసుగు పుడుతోంది. పోయిన ఏడాది అర్ధరాత్రి ఆరాధనలో పెద్ద తెర మీద మంచు కురుస్తుంటే చూస్తూ కూర్చున్నాను. మనసులో ఏమీ కదలలేదు. ఇంటికి వచ్చాక, వంటింట్లో అత్తయ్యగారు పాత కీర్తన ఏదో కూనిరాగం తీస్తుంటే మాత్రం ఏడుపు ఆగలేదు.

బెంగళూరులో ఉన్న మా అబ్బాయి 'డిసెంబరు 25 యేసు పుట్టిన రోజే కాదమ్మా, రోమన్ల సూర్యుడి పండుగ. వ్యాపారుల కోసం నువ్వెందుకింత హైరానా పడతావు?' అని మెసేజ్ పెట్టాడు. మా తమ్ముడు వేరే సంఘంలో చేరాడు. క్రిస్మస్ చేయడమే పాపం అంటాడు. ఎదురింటివాళ్ళు హిందువులు, ఆవిడా నేనూ అక్కచెల్లెళ్ళలా ఉంటాం. వాళ్ళు బాల్కనీలో నక్షత్రం కట్టారు, పిల్లవాడికి క్రిస్మస్ తాత టోపీ పెట్టారు. చూసి సంతోషించాను. ఆ క్షణంలోనే 'అది మాది కదా' అని చిరాకు కూడా వచ్చింది. ఆ తర్వాత సిగ్గేసింది. అంత మంచి మనుషుల మీద అలా ఎందుకు అనిపించిందో ఇప్పటికీ అర్థం కావడం లేదు.

నాలో భక్తి పోయిందా? పండుగలోనే అర్థం పోయిందా? ఇంకో చిన్న సంగతి: ప్లాస్టిక్ చెట్టు కొనాలని అమ్మాయి, వద్దని అత్తయ్యగారు. ఏం చేయమంటారు? — పేరు వేయవద్దు, గుంటూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో భక్తి, వ్యాపారం, తేదీ, తెర మీద మంచు అన్నీ ఉన్నాయి. నేను మాత్రం అరిసెల దగ్గర ఆగిపోయాను. అరటిపళ్ళు తీసుకుని అరిసెలు తీసుకోని ఊరు గురించి మీరు ఒక్క ముక్క చెప్పి ముందుకు వెళ్ళిపోయారు. ఎదురింటి నక్షత్రం మీద వచ్చిన చిరాకు గురించి మాత్రం ఎందుకొచ్చిందో అర్థం కావడం లేదని బాధపడుతూ రాశారు. మొదటిదానిలోనే రెండోదానికి జవాబు ఉందని మీకు తట్టినట్టు లేదు. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను. అబ్బాయి సంగతి, తమ్ముడి సంగతి, చెట్టు సంగతి తర్వాత చూద్దాం.

గుంటూరుకు లూథరన్ మిషన్ వచ్చింది 1842 జూలై 31న, ఫాదర్ హయ్యర్‌తో. ఆ తర్వాత పేటపేటకూ పాకలో ఒక బడి, ఆ బడికి ఒక పంతులు వచ్చారు. వారం రోజులూ అక్షరాలు దిద్దించి, ఆదివారం వాక్యం చెప్పి, ఎవరికైనా ఉత్తరం వస్తే చదివిపెట్టి, అర్జీ కావాలంటే రాసిపెట్టిన మనుషులు వాళ్ళు. మీ నాన్నగారు ఆ వరుసలోని వారు. ఊరి జాతరలో పేట వాళ్ళకు పని ఉండేది, చోటు ఉండేది కాదు. డప్పు వాళ్ళే కొట్టాలి, గుడి మెట్లు మాత్రం ఎక్కకూడదు. సంవత్సరం పొడుగునా పక్కవాళ్ళ పండుగలకు వెట్టి చేసినవాళ్ళకు, తమ వాకిట్లో తమకోసం జరిగే పండుగంటూ ఒకటి వచ్చింది. ఆ రాత్రికి కొత్త బట్టలుండేవి, పెద్ద వంట ఉండేది, తెల్లవార్లూ పాటలుండేవి. అన్నిటికంటే ఎత్తున, ఊరి వాళ్ళు తల ఎత్తి చూడక తప్పనంత ఎత్తున, మీ నాన్నగారు నాటిన గడ ఉండేది. వండినది తీసుకోం అన్న ఊరికి ఆయన దీపం పంపారు. దీపానికి అంటు లేదు కదా!

అలాంటి ఇంట్లో పుట్టిన అమ్మాయికి, నలభై ఏళ్ళ తర్వాత, షాపులో కొన్న నక్షత్రం ఎదురింటి బాల్కనీలో ఏ కథా లేకుండా వెలుగుతుంటే 'అది మాది కదా' అనిపించడంలో వింతేముంది? దాని ఖరీదు మీ ఇంట్లో ముందే కట్టారు. ఎదురింటావిడ పట్నం బజారులోనో, విజయవాడ వెళ్ళినప్పుడు బీసెంట్ రోడ్డులోనో కొనుక్కొచ్చి ఉంటారు. అందులో ఆవిడ తప్పేమీ లేదు. మీ చిరాకులోనూ తప్పు లేదు. మీరు సిగ్గుపడవలసిన అవసరం నాకు ఎక్కడా కనిపించలేదు.

అయితే ఒకటి అడుగుతాను. ఆవిడ మీ అరిసెలు తింటారు కదా? మీరు రాయలేదు. తింటారనే అనుకుంటున్నాను, లేకపోతే అక్కచెల్లెళ్ళు అన్న మాట మీ కలంలోంచి వచ్చేది కాదు. మీ అమ్మగారి చేతి వంట గడప దాటని చోటు నుంచి బయలుదేరి, మీ పళ్ళెం ఎదురింటికి వెళ్ళి వాళ్ళ సంక్రాంతి సకినాలతోనో చక్కిలాలతోనో తిరిగి వచ్చే చోటికి మీరు చేరారు. మీ నాన్నగారు గడ ఎత్తింది దీనికోసమే అయి ఉంటుంది. ఆయన కోరిక తీరింది. తీరేసరికి, చీకట్లో మన ఒక్కరి దీపమే వెలిగే ఆ గర్వం కూడా పోయింది. సంతోషం, చిరాకు ఒకే క్షణంలో ఎందుకొచ్చాయో ఇప్పుడు తెలిసింది కదా. రెండిటిలో ఒకదాన్ని ఉంచుకుని రెండోదాన్ని ఊడ్చి పారేయమని నేను చెప్పను.

చేయవలసింది మాత్రం ఒకటుంది. ఏదో ఒక సాయంత్రం ఆవిడను కూర్చోబెట్టి గడ కథ చెప్పండి. అరిసెల సంగతి కూడా వదలకుండా చెప్పండి. నిష్ఠూరం వద్దు, నవ్వుతూ తేలిక చేయనూ వద్దు; జరిగింది జరిగినట్టు చెప్పండి. విన్నాక ఆవిడకు కాసేపు ఇబ్బందిగా ఉంటుంది. ఉండనివ్వండి. వాళ్ళ తాతగారి ఇంట్లో ఏ పద్ధతి ఉండేదో ఆవిడకూ గుర్తుకు రావచ్చు. మతసామరస్యం అంటే నలుగురు కలిసి కేకు కోసి ఫొటో దిగడం అనుకుంటున్నారు మనవాళ్ళు. గుచ్చుకునే మాట ఒకటి చెప్పుకుని, మర్నాడు మామూలుగా కూర గిన్నె పంపుకోవడం దానికంటే కష్టం. మీ ఇద్దరికీ అది చేతనవుతుందని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది.

పండుగలు గోడలు దాటడం మన కృష్ణా గుంటూరు జిల్లాలకు కొత్త కూడా కాదు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదల కొండ దగ్గర నిలబడి చూడండి. మరియమాతకు తలనీలాలు ఇచ్చేవాళ్ళలో, కొబ్బరికాయ కొట్టేవాళ్ళలో నుదుట బొట్టుతో వచ్చినవాళ్ళు ఎందరో! (మీ లూథరన్ పెద్దలకు ఆ కొబ్బరికాయలు నచ్చకపోవచ్చు. అది వేరే తగువు.) పిల్లవాడి టోపీ గురించి అసలు బెంగ పెట్టుకోకండి. అది మీ దగ్గర నుంచి తీసుకున్నది కాదు. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న మైరా పట్టణానికి బిషప్పుగా ఉన్న నికోలస్ పేరు మీద పుట్టి, అమెరికా పత్రికల బొమ్మల్లో పొట్ట పెంచుకుని, 1931 నుంచి కోకాకోలా ప్రకటనల్లో ఎర్రటి కోటుతో ప్రపంచమంతా తిరిగిన తాత ఆయన. మీ నాన్నగారి గడ మీద ఆయనకు చోటు లేదు. ఆ టోపీని పిల్లవాడికే వదిలేయండి.

ఇక మీ అబ్బాయి. చదువుకున్నవాడు, సగం నిజం చెప్పాడు. యేసు ఏ తేదీన పుట్టాడో సువార్తల్లో ఎక్కడా లేదు. నెల కూడా లేదు. క్రీ.శ. 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో కొందరు మే నెలలోని ఒక తేదీ చెప్పేవారు. రోములో డిసెంబరు 25 అన్న మాట 354 నాటి ఒక పంచాంగంలో కనిపిస్తుంది. అందులోని ఆ జాబితా 336 నాటిదంటారు. ఆ రోజే అక్కడ అజేయ సూర్యుడి పుట్టినరోజు కూడా ఉండేది. 274లో అరీలియన్ చక్రవర్తి ఆ దేవుడికి గుడి కట్టించాడు. సూర్యుడి పండుగనే సంఘం తన పండుగగా మార్చుకుందని కొందరు పండితులు అంటారు. మరికొందరు అలా ఒప్పుకోరు: గర్భధారణ మార్చి 25న జరిగిందన్న పాత నమ్మకానికి తొమ్మిది నెలలు కలిపితే డిసెంబరు 25 వస్తుందని వారి లెక్క. ఈ తగువు తెగలేదు. ఆర్మీనియా సంఘం ఇప్పటికీ జనవరి 6నే చేస్తుంది. రష్యాలో పాత క్యాలెండరు లెక్కన జనవరి 7న చేస్తారు. వాళ్ళెవరూ తేదీ తేడా వచ్చిందని యేసును వదులుకోలేదు.

మన ఇళ్ళలో ఒక తరం వెనక్కి వెళ్ళి చూడండి, ఎంతమంది పుట్టిన తేదీలు నిజం? బడిలో వేయడానికి తీసుకెళితే పంతులుగారు మనిషిని ఎగాదిగా చూసి, జూలై 1 అని రాసేసేవారు. ఆ తేదీ మీదే ఉద్యోగం వచ్చింది, ఆ తేదీ లెక్కనే రిటైరయ్యారు, మనవలు ఆ తేదీకే కేకు తెస్తున్నారు. తేదీ తప్పు కాబట్టి తాత పుట్టనేలేదని ఏ మనవడూ అనలేదు. మీ నాన్నగారు తన చేత్తో ఎందరు పిల్లలకు అలా తేదీలు రాసిపెట్టారో, అబ్బాయికి ఒకసారి చెప్పి చూడండి, నవ్వుతాడు.

నిజానికి మీ అబ్బాయి మెసేజ్‌లో తేదీ కంటే 'నువ్వెందుకింత హైరానా పడతావు' అన్న ముక్క నాకు ముఖ్యంగా కనిపించింది. అమ్మ అలసిపోతోందని కొడుకు కనిపెట్టాడు. ఆ మాట నేరుగా చెప్పడం చేతకాక రోమన్లను పిలుచుకొచ్చాడు. మగపిల్లలు ప్రేమ చూపించడానికి తరచుగా ఇలాంటి అడ్డదారులే పడతారు. కాబట్టి చరిత్ర మీద వాదన పెట్టుకోకండి. ఇరవై మూడుకల్లా రమ్మనండి, వచ్చాక పని ఉందని చెప్పండి. మేదరవాళ్ళ దగ్గర వెదురు తెప్పించి, బద్దలు చీల్చడం, ఐదు మూలలు కట్టడం, కాగితం అంటించడం మీరు చెబుతుంటే అతను చేయాలి. వేలికి రెండు పుల్లలు గుచ్చుకుంటాయి, మొదటి కాగితం చిరుగుతుంది. లోపల చిన్న ఎల్‌ఈడీ బల్బు పెట్టుకోవచ్చు. అపార్ట్‌మెంటులో దీపం వద్దు. అది మీ బాల్కనీలో ఎక్కాక, ఎదురింటి నక్షత్రం మిమ్మల్ని ఇంతగా గుచ్చదని నా నమ్మకం.

'పండుగలోనే అర్థం పోయిందా' అన్నారు. ఈ అనుమానం చాలా పాతది. క్రీ.శ. 380 ప్రాంతంలో కాన్‌స్టాంటినోపుల్‌లో నజియాంజస్ గ్రెగరీ అనే పెద్దాయన ఇదే పండుగనాటి ప్రసంగంలో, గుమ్మాలకు తోరణాలు కట్టకండి, వీధులు అలంకరించకండి, విందుల్లో మునిగిపోకండి అని జనాన్ని మందలించాడు. పండుగ ఇంకా పాకుతున్న రోజుల్లోనే దాని మీద ఫిర్యాదు మొదలైందన్నమాట. అందుకని మెరిసే కాగితాల మీద, షాపుల మీద నాకు పెద్ద కోపం లేదు. దీపావళికి, రంజానుకు, సంక్రాంతికి తగ్గింపు ధరల బోర్డు పెట్టినవాడు దీనికి పెట్టకుండా ఉంటాడా?

నాకు కోపం వచ్చేది మీరు ఊరికే ప్రస్తావించి వదిలేసిన సెమీ క్రిస్మస్‌ల మీద. మీరు చూసే ఉంటారు. వేదిక మీద మూడడుగుల కేకు. శాటిన్ రిబ్బను చుట్టిన ఒక ప్లాస్టిక్ కత్తి, దాని మీద ఆరేడు చేతులు. ముఖ్య అతిథి చెయ్యి అడుగున, పక్క నాయకుడి చెయ్యి దాని మీద, వెనక నుంచి ఎవరో వేలు మాత్రం ఆనించి ఫొటోలో పడాలని మెడ చాపడం. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టగానే ఎవరో చెవిలో ఊదుతారు: సారు ఇంకో సెమీ క్రిస్మస్‌కు వెళ్ళాలి, త్వరగా కానివ్వండి. ఆమేన్ ముందే వచ్చేస్తుంది. కేకు ముక్క ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుంటారు, పిల్లలకు ఇచ్చేసరికి క్రీము కరిగి అట్టకు అంటుకుని ఉంటుంది. ఇలాంటివి నెలలో నాలుగైదు చూసిన మనిషికి ఇరవై నాలుగు అర్ధరాత్రి ఏం కదులుతుంది?

మీ సంఘం క్యాలెండరు ఒకసారి తీసి చూడండి. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలకు ఆగమన కాలం అని ఇప్పటికీ అచ్చు వేస్తున్నారు. అవి ఎదురుచూడడానికి పెట్టిన వారాలు. పండుగ రోజు నుంచి జనవరి 5 దాకా పన్నెండు రోజులు సంతోషానికి పెట్టినవి. మనం ఈ లెక్కను తలకిందులు చేసేశాం. ఎదురుచూడవలసిన నాలుగు వారాలూ కేకు తిని, పండుగ రోజుకు ఆకలి లేకుండా కూర్చుంటున్నాం. ఇరవై ఆరో తేదీకి నక్షత్రం విప్పేసి అటక ఎక్కిస్తున్నాం. ఈ డిసెంబరులో మీ స్కూలు కార్యక్రమానికి వెళ్ళండి, ఉద్యోగం కాబట్టి తప్పదు. మీ సంఘంలో జరిగే ఒకదానికి వెళ్ళండి. మిగిలినవాటికి 'మీకు శుభాకాంక్షలు, నేను రాలేను' అని చెప్పండి, కారణం చెప్పే బాధ్యత కూడా పెట్టుకోవద్దు. మీవారి ఆఫీసు సెమీ క్రిస్మస్‌కు మీవారు చాలు. బంధువుల ఇళ్ళకు తిరగడం, పళ్ళేలు పంచడం ఇరవై ఆరు నుంచి నూతన సంవత్సరం దాకా నెమ్మదిగా చేసుకోండి.

ఇక అర్ధరాత్రి ఏమీ అనిపించలేదని బెంగపడ్డారు. వంటింట్లో ఏడ్చిన మనిషి భక్తి పోయిందని ఎలా అనుకుంటుంది? లూకా రాసింది మళ్ళీ చదవండి. గొల్లలు రాత్రిపూట మంద కాస్తున్నవాళ్ళు, అంటే డ్యూటీలో ఉన్నవాళ్ళు. వాళ్ళకు మొదట కలిగింది భయం. తర్వాత పరుగున వెళ్ళి చూశారు, కనిపించినవాళ్ళందరికీ చెప్పారు. ప్రసవమై పశువుల తొట్టిలో బిడ్డను పడుకోబెట్టిన మరియ మాత్రం ఆ మాటలన్నీ మనసులోనే దాచుకుని తలపోసుకుంది. ఆవిడ అక్కడ పాటలు పాడినట్టు లేదు. మత్తయి రాసిన భాగంలో నక్షత్రం వెనకాలే హేరోదు కత్తి వస్తుంది. బేత్లెహేము తల్లుల ఏడుపు వస్తుంది. చంటిబిడ్డతో రాత్రికి రాత్రి ఐగుప్తుకు పారిపోవడం వస్తుంది. సండే స్కూలు నాటకంలో హేరోదు వేషం కోసం పిల్లలు పోట్లాడుకుంటారు, మీసం, కిరీటం ఉంటాయని. ఆ తల్లుల ఏడుపును మాత్రం ఏ నాటకంలోనూ చూపించరు. ఆ కథలోనే భయం, సంతోషం, దుఃఖం కలిసి ఉన్నప్పుడు, మీ మనసులో అవి కలిసినందుకు మీరు సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు.

వంటింట్లో మిమ్మల్ని ఏడిపించింది అత్తయ్యగారి కూనిరాగం. ఆ కీర్తన ఆవిడకు పూర్తిగా వచ్చా? ఎన్ని చరణాలు వచ్చు? ఏ రాగంలో వచ్చు? ఈ నెలలో నేర్చుకోండి. పెద్దవాళ్ళ నోట్లో ఉన్న పాత వరుసలు వాళ్ళతోనే పోతున్నాయి. పుస్తకంలో మాటలు మిగిలినా వరుస మిగలదు. నేర్చుకున్నాక అయ్యగారిని ఒక కోరిక కోరండి: అర్ధరాత్రి ఆరాధనలో ఒక్క కీర్తన, ఒక్కటంటే ఒక్కటి, తెర ఆపేసి, డ్రమ్ములు ఆపేసి, హార్మోనియంతో పాడిద్దామని. అత్తయ్యగారిని ముందు వరసలో కూర్చోబెట్టి ఎత్తుకోమనండి. యువజన సంఘం పిల్లలు మూతి ముడుస్తారేమో. సంఘంలో సగం మంది లోలోపల మీకు దణ్ణం పెట్టుకుంటారు.

తమ్ముడి విషయానికి ఎక్కువ చోటు ఇవ్వను. క్రిస్మస్ పాపం అన్న మాట అతను కనిపెట్టింది కాదు. 1647లో ఇంగ్లండు పార్లమెంటు ఈ పండుగను రద్దే చేసింది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1659 నుంచి 1681 వరకు, ఈ రోజున పని మానేసి పండుగ చేసుకున్నవాళ్ళకు ఐదు షిల్లింగుల జరిమానా ఉండేది. వాళ్ళందరూ బైబిలు బాగా చదివిన భక్తులే. రోమీయులకు రాసిన పత్రిక పద్నాలుగో అధ్యాయంలో పౌలు, ఒకడు ఒక రోజును గొప్పగా ఎంచుతాడు, మరొకడు అన్ని రోజులనూ సమానంగా ఎంచుతాడు, ఎవరి మనసులో వారు రూఢి చేసుకోవాలి అన్న అర్థంలో రాశాడు. తమ్ముడు మళ్ళీ ఎత్తితే ఆ అధ్యాయం పేరు చెప్పి భోజనానికి పిలవండి. ఆ రోజు పండుగ అని చెప్పకండి, ఆదివారం కూర అని చెప్పండి.

ఇప్పుడు మీరు అడగని ప్రశ్న ఒకటి. ఉత్తరమంతా వెతికాను, మీ ఇంట్లో పిండివంటలు ఎవరు చేస్తారో రాయలేదు. రాయలేదంటే మీరే చేస్తారని అర్థం. స్కూలు నుంచి వచ్చి, ఒక్కరే, రాత్రి పదకొండింటికి పొయ్యి దగ్గర. అరిసెలు ఒంటిచేతి పని కాదమ్మా. బియ్యం నానబోసి తడిపిండి ఆడించడం ఒకరికి, పాకం చూడడం ఒకరికి, తట్టి నూనెలో వేయడం ఒకరికి, తీసినవి చెక్కల మధ్య నొక్కడం ఒకరికి. పాకం ముదిరితే రాళ్ళు, లేతగా ఉంటే నూనెలో విడిపోతాయి. దాని దగ్గర కుర్చీ వేసి అత్తయ్యగారిని కూర్చోబెట్టండి, అధికారమంతా ఆవిడకే ఇవ్వండి. చెక్కలతో నొక్కడానికి మీవారి చేతుల్లో బలం ఉంటుంది. అబ్బాయి ఇరవై మూడుకల్లా వస్తే ఆ రోజే పెట్టుకోండి. మీ అమ్మగారు ఒక్కరే చేసేవారని నేననుకోను. పేటలో నాలుగిళ్ళ ఆడవాళ్ళు ఒకచోట చేరి ఉంటారు. ఎదురింటావిడను కూడా పిలవండి, నువ్వులు అద్దడానికి. గడ కథ చెప్పడానికి వేరే సాయంత్రం వెతుక్కోనక్కరలేదు. అంతకంటే మంచి సమయం దొరకదు. ఇంతమంది కలిసినా కుదరకపోతే కొని తెచ్చుకోండి. మన గుంటూరులో ఇళ్ళలో చేసి అమ్మేవాళ్ళకు కొదవ లేదు. అత్తయ్యగారు రెండు రోజులు అలుగుతారు, మూడో రోజు తింటారు.

చెట్టు తగువు తేలికే. పరాయి దేశపు ఆచారమని అత్తయ్యగారు వద్దంటున్నట్లయితే, ఆవిడ సంఘాన్ని మొదలుపెట్టిన హయ్యర్‌గారు 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టినవారని చెప్పండి. క్రిస్మస్ చెట్టు పెరిగింది ఆ దేశంలోనే. ప్లాస్టిక్ అని వద్దంటున్నట్లయితే నేను ఆవిడ పక్షమే. బాపట్ల, చీరాల వైపు నుంచి వచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక సరుగుడు కొమ్మ తెమ్మనండి. బకెట్‌లో తడి ఇసుక పోసి నిలబెడితే వారం పది రోజులు పచ్చగానే ఉంటుంది. ఆ తర్వాత ఆకు రాలుతుంది, హాలంతా సన్నగా పరుచుకుంటుంది. రోజూ ఊడ్చే పూచీ అమ్మాయిదని ముందే ఒప్పించుకుని తెప్పించండి.